కర్ర చెప్పే కబుర్లు

మా చిన్నమ్మమ్మకి నడివయసులోనే చూపు పోయింది. అయినా పల్లెలో తన ఇంట్లో ఆవిణ్ణి చూడాలి! పెరట్లో బావి దగ్గర్నుంచి వంటింటి గడప దాకా ఎక్కడా గోడ తడమకుండా వచ్చేసేది. అదే మనిషిని పట్నంలో మా అపార్టుమెంటుకి తీసుకొచ్చాక నాలుగు నెలలైనా స్నానాలగదికి దారి తెలీలేదు. ఎలా తెలుస్తుంది? ఎప్పుడూ ఎవరో ఒకరం చెయ్యిపట్టుకునే తీసుకెళ్ళేవాళ్ళం. ప్రేమ కదూ!

ఈమధ్య అంధుల చేతికర్ర చరిత్ర చదువుతూంటే ఆవిడే గుర్తొచ్చింది.

కర్ర ఊతంగా నడవడం ఎప్పటినుంచో ఉన్నదే గానీ, దానికి తెల్లరంగు వచ్చింది నిన్నగాక మొన్న. ఇంగ్లండులో బ్రిస్టల్ ఊళ్ళో, ప్రమాదంలో చూపు పోయిన జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫరు ఇంటి చుట్టూ బళ్ళ రద్దీకి జడిసి 1921లో తన కర్రకి తెల్లరంగు వేసుకున్నాడు. పదేళ్ళకి, 1931లో, పారిస్‌లో గియ్యీ డెర్బెమాన్ అనే ఆవిడ రోడ్డు దాటలేక అవస్థపడే అంధులకి తెల్లకర్రలు ఇప్పించడానికి నడుం కట్టింది. పుణ్యాత్మురాలు. అయితే ఒకటి గమనించారా? ఆ తెల్లరంగు వాళ్ళకి కనిపించేది కాదు. "తప్పుకోండి బాబూ" అని కళ్ళున్న మనకి చెప్పడానికే.

కర్ర తన యజమానితో మాట్లాడ్డం నేర్చింది రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో. యుద్ధంలో చూపు పోయిన అమెరికన్ సైనికులు కొందరు పెన్సిల్వేనియాలో వ్యాలీఫోర్జ్ ఆస్పత్రికి చేరారు. అక్కడ రిచర్డ్ హూవర్ అనే ఆయన కర్రని పొడుగు చేయించి, బరువు తగ్గించాడు. నడుస్తూ దాన్ని కుడికీ ఎడమకీ ఆడించమన్నాడు, అడుగు పడబోయే చోటుని ముందే తాకి చూడమన్నాడు. గుంటా, మెట్టూ, గోడా అన్నీ ముందుగానే అరచేతికి తెలిసిపోతాయన్నమాట. ఇవాళ్టికీ నేర్పేది ఇంచుమించు ఆ పద్ధతే. కాకపోతే సాధనంతా నిజం రోడ్డు మీదే చెయ్యాలి. పొరపాటు పడితే మోకాలు చెబుతుంది.

ఆ చిక్కు తీర్చడానికే వర్చ్యువల్ రియాలిటీని పట్టుకొచ్చారు. కళ్ళకి గంతలా కట్టే ఆ మాయాలోకం చూపులేని వాళ్ళకెందుకూ అని నేనూ అనుకున్నాను. ఇది చెవికీ చేతికీ తెలిసే లోకమట! 2018లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చూపించిన కర్రకి నడుం దగ్గర ఓ బ్రేకు ఉంటుంది. ఖాళీ చోట నడుస్తూంటే, లేని గోడ దగ్గర కర్ర టక్కున ఆగిపోతుంది. తగిలిన వస్తువుని బట్టి చేతిలో అదురూ చెవిలో చప్పుడూ మారిపోతాయి. రోడ్డు దాటడం కూడా సాధన చెయ్యొచ్చు, ఏ కారూ గుద్దదు.

నాకు బాగా నచ్చింది మాత్రం 2012లో అచ్చయిన ఇంకో ముచ్చట. అమెరికాలో బోస్టన్ దగ్గర అంధుల సంస్థ ఒకటుంది. అందులోని భవనాన్ని మెరాబెట్, సాంచెజ్ అనే పరిశోధకులూ వాళ్ళ బృందమూ ఉత్త శబ్దాలతో కంప్యూటర్లో కట్టారు. కొందరు అంధులకి దారులన్నీ వరసగా పాఠంలా చెప్పారు. మరికొందరికి పాఠమే లేదు. "లోపల నగలు దాచాం, వెతికి బయటికి తెచ్చుకోండి, రాక్షసులు ఎదురైతే లాక్కుపోతారు" అన్నారు, అంతే. తరవాత నిజం భవనంలో వదిలితే రెండు జట్లూ దారి కనుక్కున్నాయి. కానీ దగ్గరిదారిన బయటపడమంటే, నగల కోసం పరుగులెత్తిన వాళ్ళదే పైచెయ్యి!

మా చిన్నమ్మమ్మ కూడా ఒక మధ్యాహ్నం, మేమంతా కునుకు తీస్తూంటే తనంతట తనే లేచి వెళ్ళింది. వెతగ్గా వెతగ్గా బాల్కనీలో కనబడింది. నుదుటిమీద ఇంత బొప్పి. నేను కేకలేస్తూనే ఉన్నాను, ఆవిడకి పట్టలేదు. కుండీలో ఆకులు తడుముతూ, "ఇక్కడ తులసమ్మ ఉందని ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదేమే?" అంది.