డిజైన్ వాల్

డిజైన్ వాల్ అనేది క్విల్ట్, అంటే ముక్కల బొంత కుట్టేముందు, గుడ్డముక్కలను అమర్చి రంగుల పొందికను, కూర్పును పరిశీలించేందుకు నిలబెట్టే నూగుబట్ట పలక. మడిచి లేదా చుట్టి వేరేచోటికి తీసుకెళ్లగలిగే రకాన్ని పోర్టబుల్ డిజైన్ వాల్ అంటారు.

1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం అమెరికన్ బొంతలను చిత్రాల మాదిరిగా గోడలకు వేలాడదీసి ప్రదర్శించింది. బొంతను పరుపుమీది కప్పుగానే కాక, నిలువుగా చూసే కళారూపంగా గుర్తించడానికి ఆ ప్రదర్శన తోడ్పడింది. డిజైన్ వాల్ కూడా కూర్పును అలాగే నిలువుగా చూపుతుంది.

పలకపై ఫ్లానెల్ బట్ట లేదా నూలు బ్యాటింగ్ (బొంత లోపల పెట్టే దూది పొర) పరుస్తారు. దాని నూగు పోగులు నూలుముక్కలను పట్టి ఉంచడంవల్ల గుండుసూదుల అవసరం ఉండదు. కుట్టు పూర్తయిన బరువైన భాగాలకు మాత్రం సూదులు గుచ్చుతారు. ఇంట్లో తయారీకి 4×8 అడుగుల (1.22×2.44 మీటర్ల) ఇన్సులేషన్ ఫోమ్ షీటు అనువైనది. దాన్ని రెండుగా కోసి, బట్టనే కీలుగా అమర్చితే మడతపెట్టవచ్చు. పీవీసీ పైపుల చట్రం విడదీయడానికి వీలైనది. ఫ్లానెల్ అడుగుపొర గల వినైల్ టేబుల్‌క్లాత్ అన్నిటికంటే తేలిక. ఫ్లానెల్ వైపు ముందుకు వచ్చేలా దాన్ని తిరగేసి వేలాడదీస్తారు.

ఎంపికలో బొంత కొలత, పలక బరువు, దాచే చోటు ప్రధానం. తెలుపు లేదా లేత బూడిద రంగు నేపథ్యం ముక్కల రంగులను మార్చి చూపదు. పలకను కాస్త వెనక్కి వాల్చితే ముక్కలు జారవు. దూరం నుంచి చూసినప్పుడు ముదురు, లేత రంగుల అసమతౌల్యం తేలికగా బయటపడుతుంది. కుట్టకముందే సవరణ సాధ్యమవుతుంది.