కారు చావు కబురు

2023 సంక్రాంతి వెళ్ళి వారం తిరక్కుండానే విజయవాడ నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. "అక్కయ్యా, కారు కొంటున్నానే!" అంది. ఆ గొంతులో సంబరం వింటే కారు బేరం చేసినట్టు లేదు, పెళ్ళికొడుకుని చూసి వచ్చినట్టుంది.

అది స్కూల్లో టీచరు. నాలుగేళ్ళు చీటీ కట్టి, చివరికి పాట పాడుకుని డబ్బు చేతికి తెచ్చుకుంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. వారానికి రెండుసార్లు ఆటో ఎక్కించి దింపడం ఆవిడకీ నరకమే, దీనికీ నరకమే. అందుకని కారు మీద పడింది మనసు. పదకొండేళ్ళ డీజిలు బండిట. ఢిల్లీ నుంచి వచ్చిందిట. మల్లెపువ్వులా ఉందిట. ధర మాత్రం ఇక్కడి బళ్ళ ధరలో సగమేనట!

"సాయంత్రం పాతికవేలు అడ్వాన్సు ఇచ్చేశాను కూడాను" అంది.

ఇంతలో అమ్మ ఫోను అందుకుంది. "బండి బాగానే ఉందే తల్లీ. అంత బావున్నదాన్ని అంత చవగ్గా ఎందుకిస్తున్నాడో మాత్రం నీ చెల్లెలు అడగలేదు" అంది.

పెళ్ళి సంబంధమంటే అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ తవ్వి చూస్తాం కదా. కుర్రాడికి ఇదివరకే పెళ్ళయిందేమో, జబ్బేదైనా ఉందేమో అని వీధి చివర కిళ్ళీకొట్టు దాకా వెళ్ళి వాకబు చేస్తాం. కారు దగ్గరికి వచ్చేసరికి రంగు చూసి, సీటు మీద చెయ్యి వేసి చూసి, "బావుంది" అనేస్తాం. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. ఆ మాట పెళ్ళిళ్ళ పేరయ్యల కంటే కార్ల బ్రోకర్లకే బాగా ఒంటబట్టింది.

ఆ రాత్రి మావారు ఆ బండి నంబరు తీసుకుని ఫోనులో రవాణాశాఖ వారి వివరాలు వెతికారు. వెతికి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశారు. "మీ చెల్లెలు కొంటున్న కారు బతికి లేదోయ్" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. బతికిలేని కారు విజయవాడ దాకా ఎలా వచ్చింది మరి!

నవ్వు ఆగాక ఆలోచనలో పడ్డాను. అసలు కారుకి పుట్టుకా చావూ కాయితం మీద రాయడం ఎప్పుడు మొదలైంది? మర్నాటి నుంచి నాలుగు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. తెలుసుకున్నది మీతో చెప్పకపోతే నాకు తోచదు.

మోటారు బండికి నంబరు పలక ఉండాలన్న ఆలోచన మొదట వచ్చింది పారిస్ పోలీసులకి. 1893 ఆగస్టు 14న వాళ్ళొక ఉత్తర్వు చేశారు. ప్రతి బండికీ యజమాని పేరూ, చిరునామా, ఒక నంబరూ ఉన్న లోహపు పలక ఉండాలన్నారు. గుద్ది పారిపోయినవాడిని పట్టుకోవాలి కదా మరి! ఇంగ్లండులో 1903లో మోటారు కార్ల చట్టం వచ్చి, 1904 జనవరి 1 నుంచి నంబర్లు తప్పనిసరి అయ్యాయి. మన దేశంలో బ్రిటిష్ ఏలుబడి ఉన్న ప్రాంతాలన్నిటికీ కలిపి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. తర్వాత 1939లో మరొకటి వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది 1988 నాటిది, 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు మన ఆంధ్రప్రదేశ్ బళ్ళ మీద 'ఏ'తో మొదలయ్యే మూడు అక్షరాలుండేవి. తర్వాత 'ఏపీ' అని రాసి, పక్కన జిల్లాకో అంకె వచ్చింది. కృష్ణాజిల్లా వాళ్ళది పదహారుగా ఉండేది.

ఇదంతా పుట్టుక సంగతి. చావు మాటేమిటంటారా? అదీ చట్టంలో ఉంది. బండి నాశనమైపోయినా, ఇక ఎప్పటికీ పనికిరాకుండా పోయినా, యజమాని 14 రోజుల్లోగా రిజిస్ట్రేషను అధికారికి తెలియజెయ్యాలి. ఆర్.సి. పుస్తకం అప్పగించాలి. 1988 చట్టంలో 55వ సెక్షను చెప్పేది ఇదే. మనింట్లో ఎవరైనా పోతే మునిసిపాలిటీకి వెళ్ళి రాయించడం లేదూ, అలాగన్నమాట.

కానీ రాయించిందెవరు? ఆ రోజుల్లో కారు అసలు చచ్చేదే కాదు. మన ఊళ్ళలో తిరిగేవి అంబాసిడర్లు, ఫియట్లు. ఆ ఫియట్టుకే తర్వాత ప్రీమియర్ పద్మిని అని పేరు పెట్టారు, పిలవడానికి మాత్రం చివరిదాకా అది ఫియట్టే. కొత్తది కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. 1983 డిసెంబరు 14న తొలి మారుతి కారు తాళాలు ఇందిరాగాంధీ గారు స్వయంగా అందించేదాకా మధ్యతరగతి వాళ్ళ పరిస్థితి అంతే. కొత్తది దొరకని చోట పాతదాన్ని చావనిస్తారా? ఇంజను పోతే ఇంకో ఇంజను, తలుపు పోతే ఇంకో తలుపు. మన విజయవాడ ఆటోనగర్ మేస్త్రీలు బండిని విప్పి పక్కన పరిచి, మళ్ళీ బండి చేసి నిలబెట్టగలరు. అలా అతుకులతో బతికిన బండికి చావు తేదీ ఏదని రాస్తారు?

ఆ నిర్లక్ష్యంలోంచే మోసం పుట్టింది. ఎలాగో చెప్తాను వినండి.

ఒక కారు లారీ కింద పడి నుజ్జయిందనుకోండి. భీమా వాళ్ళు సొమ్ము ఇచ్చేసి, తుక్కుని వేలం వేస్తారు. తుక్కు కొన్నవాడి చేతికి ఇనుముతో పాటు ఆ బండి నంబరూ, కాయితాలూ వస్తే? ఇనుము కంటే ఆ కాయితాలకే విలువెక్కువ. అదే మోడలు, అదే రంగు కారు ఇంకెక్కడో దొంగిలిస్తారు. దాని చాసిస్ మీది నంబరు అరగదీసి, చచ్చిన కారు నంబరు కొడతారు. చచ్చినదాని పేరుతో దొంగబండి దర్జాగా తిరుగుతుంది. కాయితాలు చూస్తే అన్నీ సవ్యమే! వెనకటికి పరకాయ ప్రవేశం కథలు విన్నామే, అచ్చం అదే.

ఈ బాధ మనదొక్కటే కాదు. అమెరికాలో 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు వేలాది కార్లు నీళ్ళలో మునిగాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, వేరే రాష్ట్రంలో కొత్త కాయితాలు పుట్టించి అమ్మిన ఘనులున్నారు. కాయితానికి తలంటు పోసినట్టే లెక్క. ఇలాంటివి పట్టుకోవడానికే దేశమంతటికీ కలిపి ఒక లెక్క ఉండాలని అక్కడ 1992లోనే చట్టం చేసుకున్నారు. ఐరోపా వాళ్ళు 2000 సంవత్సరంలో కాలం చెల్లిన వాహనాల మీద ఒక నిబంధన తెచ్చారు. దాని ప్రకారం, అనుమతి ఉన్న చోటే కారుని తుక్కు చెయ్యాలి, చేశాక ధ్వంస ధ్రువపత్రం ఇవ్వాలి. ఇంగ్లండులో భీమా వాళ్ళు దెబ్బతిన్న బళ్ళని ఏ, బి, ఎస్, ఎన్ అని నాలుగు తరగతులు చేస్తారు. ఏ, బి తరగతుల బళ్ళు మళ్ళీ రోడ్డెక్కడానికి వీల్లేదు. మిగతా రెండూ బాగుచేసుకుని నడుపుకోవచ్చు.

మన దేశంలో ఆ ఏర్పాటు ఆలస్యంగానైనా వచ్చింది. 2021లో వాహనాల తుక్కు విధానం ప్రకటించి, నియమాలు చేశారు. ఇప్పుడు అనుమతి పొందిన తుక్కు కేంద్రం వాళ్ళు బండిని తీసుకునే ముందు అది దొంగిలించినదా కాదా అని పోలీసు లెక్కల్లో చూడాలి. చాసిస్ నంబరున్న ముక్కని కోసి భద్రపరచాలి. యజమానికి బండి అప్పగించినట్టు ఒకటి, తుక్కు చేసినట్టు ఒకటి ధ్రువపత్రాలివ్వాలి. రవాణాశాఖ లెక్కల్లో ఆ నంబరు మూసేయించాలి. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ముక్క కోసి దాచడం. ఆ ముక్క వాళ్ళ దగ్గరుంటే దొంగ నంబరు వేసినవాడి ఆటలు సాగవు కదా.

సరే, మా చెల్లెలి కారు సంగతికి వస్తాను. అది లారీ కింద పడలేదు. దాని చావు ఇంకో రకం. ఢిల్లీలో పొగ భరించలేక 2015లో హరిత ట్రిబ్యునల్ పదేళ్ళు దాటిన డీజిలు బళ్ళు తిరగరాదంది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసి, పెట్రోలు బళ్ళకి పదిహేనేళ్ళ గడువు చెప్పింది. దాంతో 2022 జనవరిలో ఒక్కసారే లక్షకు పైగా డీజిలు బళ్ళ రిజిస్ట్రేషన్లు అక్కడ రద్దయ్యాయి. (2025లో సుప్రీంకోర్టు ఈ విషయంలో కొంత సడలించింది. అది వేరే కథ.) నిరభ్యంతర పత్రం తెచ్చుకుని వేరే రాష్ట్రానికి మార్చుకున్న బళ్ళ పరవాలేదు. ఆ పత్రం లేకుండా వచ్చిన బండిని మాత్రం ఇక్కడ ఎవరూ మన పేరు మీద రాయరు. ఒళ్ళు నిక్షేపంగా ఉంది, కాయితం మీద ప్రాణం పోయింది. మా చెల్లెలు చూసి ముచ్చటపడిన మల్లెపువ్వు కథ ఇదీ!

ఇచ్చిన పాతికవేలలో పదిహేనువేలు రాబట్టడానికి దానికి రెండు నెలలు పట్టింది. "మిగతా పదివేలూ ట్యూషను ఫీజనుకో" అన్నాను. "పాఠాలు చెప్పేదాన్ని నేను, నాకు ట్యూషనా!" అని ఏడుపూ నవ్వూ కలిపి అంది.

ఆ తర్వాత అది ఇంకో బండి చూసింది. ఈసారి మాత్రం అమ్మ చెప్పినట్టే వాకబు చేసింది. నంబరు కొట్టి, రిజిస్ట్రేషను నడుస్తోందా, రద్దయిందా, తుక్కు కింద రాశారా అని చూసింది. సొంత కారు ఆర్.సి.కి 15 ఏళ్ళే గడువు, తర్వాత అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి, అందుకని ఆ తేదీ చూసింది. బ్యాంకు అప్పు తీరినట్టు ఫారం 35 అడిగింది. పేరు మార్పిడికి ఫారాలు 29, 30 ముందే సంతకం చేయించుకుంది. చాసిస్ నంబరు మీద తెల్లకాయితం పెట్టి పెన్సిలుతో రుద్దింది. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద అలా రుద్దేవాళ్ళం గుర్తుందా? ఆ అచ్చు తీసుకుని ఒక్కొక్క అక్షరమే ఆర్.సి.తో సరిచూసింది. మొత్తం 17 ఉంటాయి. వాటిలో ఆంగ్ల అక్షరాలు ఐ, ఓ, క్యూ ఉండవు, ఒకటితోనూ సున్నాతోనూ పొరబడతారని మానేశారుట. ఈ ఒక్క ముక్క తెలిసినందుకే బ్రోకరు మా చెల్లెల్ని "మేడమ్" అనడం మొదలెట్టాడు!

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ మా ఇంటి సంగతి ఒకటి దాచుకుని మీకు నీతులు చెప్పడం బాగుండదు.

మా నాన్నగారు గుడివాడలో ప్లీడరు. 1983లో ఒక పాత ఫియట్టు కొన్నారు. నన్నూ చెల్లెల్నీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, ఆ స్టీరింగు పక్కనుండే గేరు కర్ర లాగుతూ మచిలీపట్నం సముద్రానికి తీసుకెళ్ళేవారు. 1999లో ఇక లేవదని తేలాక పాత ఇనుము కొనేవాడొకడు వచ్చి ఆరువేలిచ్చి తోసుకుపోయాడు. నంబరు పలకలు దానితోనే పోయాయి. రవాణా ఆఫీసుకి ఎవరూ చెప్పలేదు. చట్టం చదువుకున్న మనిషే, ఆయనకీ తోచలేదు! మొన్న ఈ గొడవంతా అయ్యాక అమ్మ ట్రంకుపెట్టె తీస్తే ఆయన కళ్ళజోడు కింద ఆ ఆర్.సి. పుస్తకం కనిపించింది.

నాకు గుండె ఝల్లుమంది. అమ్మినవాడు పేరు మార్పించకపోతే, ప్రమాదం జరిగినప్పుడు ఆర్.సి.లో పేరున్నవాడే బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో చెప్పింది. మా నాన్నగారి పేరుతో ఆ నంబరు ఇన్నాళ్ళూ ఏ బండి మీద తిరిగిందో! ఎవరినైనా గుద్దిందేమో! ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

అర్జీ రాశాను. "పై వాహనం 1999లో పూర్తిగా పనికిరాకుండా పోయినందున రిజిస్ట్రేషను రద్దు చేయగోరుతున్నాను" అని. అమ్మకి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

"పుస్తకం కూడా ఇచ్చెయ్యాలా?" అంది చివరికి.

"ఇవ్వాలమ్మా."

అట్ట మీద దుమ్ము కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది. "ఇచ్చెయ్యి. మీ నాన్నకి ఒకరి బాకీ ఉండటం ఇష్టం ఉండేది కాదు" అంది.

ముందు నాలుగు పేజీలూ ఫొటో తీసి పెట్టుకున్నాను. మీ ఇంట్లోనూ ట్రంకుపెట్టె అడుగున ఇలాంటి పుస్తకం ఉందేమో, ఈ ఆదివారం ఒకసారి తీసి చూడండి.