దక్కన్ గాలులు – రన్‌వే దిశ: హైదరాబాద్ పరిసరాల వైమానిక చరిత్రలో ఒక అంశం

విమానం గాలికి ఎదురుగా నేల విడవడం క్షేమకరం. పక్కనుండి వీచే అడ్డగాలి చిన్న విమానాలకు ప్రమాదకరం. నిజాం పాలనలో 1930వ దశకంలో రూపొందిన బేగంపేట విమానాశ్రయంలోనూ, 2008 మార్చిలో శంషాబాద్‌లో ప్రారంభమైన విమానాశ్రయంలోనూ రన్‌వేలు తూర్పు పడమరలుగానే (09/27) ఉన్నాయి. నైరుతి రుతుపవన కాలంలో ఇక్కడ పడమటి గాలులదే ప్రాబల్యం కనుక ఈ దిశ ప్రాంతానికి అనుకూలమైనది.

అయితే వేసవి ఉరుముల వెంట వచ్చే ఈదురుగాలి ఈ నియమానికి లోబడదు. శిక్షణలో వాడే సెస్నా 172కు తయారీదారు పరీక్షించి చూపిన అడ్డగాలి వేగం 15 నాట్లు. 30 నాట్ల గాలి రన్‌వేకు 30 డిగ్రీల కోణంలో వీస్తే అడ్డగాలి అంశం 15 నాట్లు. అదే గాలి 90 డిగ్రీలకు మళ్లితే 30 నాట్లు. చక్రాల పట్టు సడలి, రెక్కలకు పూర్తి బలం చేకూరని క్షణంలో ఆ విసురు తగిలితే గాలివైపు రెక్క పైకి లేచి విమానం ఒరిగిపోతుంది.

2019 అక్టోబరు 6న వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ వద్ద శిక్షణ విమానం కూలి ఇద్దరు శిక్షణార్థులు మరణించారు. అది టేకాఫ్ ప్రమాదం కాదు. దానిని అడ్డగాలి ప్రమాదాల కోవలో చేర్చరాదు. ‘వాతావరణం’ అనే ఒక్క మాటతో సరిపెట్టక, ప్రయాణ దశను, గాలి దిశను, వేగాన్ని విడివిడిగా నమోదు చేసినప్పుడే ప్రమాదాల చరిత్ర రాబోయే శిక్షణార్థులకు రక్షణ కాగలదు.