ఆకురాయితో అక్షరాభ్యాసం

బీటెక్ మొదటి ఏడాది వర్క్‌షాప్ ల్యాబ్ చేసినవాళ్లను ఎవరినైనా కదిపి చూడండి. ఫిట్టింగ్ అన్న మాట వినగానే అరచేతులు చూసుకుంటారు. ఖాకీ ఏప్రన్ తొడుక్కుని, చిన్న ఇనుప పలకను వైస్‌లో బిగించి, ఆకురాయితో రుద్దడం. ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకేసి ఎత్తి పట్టడం. సందులోంచి సన్నగా వెలుగు కనబడిందా, మళ్లీ వైస్, మళ్లీ ఆకురాయి. బొబ్బలెక్కాక ఎప్పటికో ఒక ‘వి’ గాడిలో దాని జోడు ముక్క కూర్చుంటుంది. మార్కులు పడతాయి. ముక్క తుక్కులోకి పోతుంది.

ఎందుకూ పనికిరాని ఈ ముక్కను ఇంత శ్రద్ధగా చేయించాలని అసలు ఎవరికి తోచింది? ఆ ఆలోచన జాడ పట్టుకుని వెళితే మాస్కోలో తేలతాం.

అక్కడ 1830లో అనాథ పిల్లల కోసం ఒక చేతిపనుల బడికి జార్ ప్రభుత్వం నిబంధనావళి రాసిచ్చింది. అంతకు డెబ్భై ఏళ్లకు కాస్త తక్కువగా ముందు కేథరిన్ రాణి పెట్టించిన అనాథాశ్రమమే దానికి పుట్టిల్లు. తల్లీ తండ్రీ లేని పిల్లాడికి వడ్రంగమో కమ్మరమో నేర్పితే వాడి తిండి వాడు తింటాడన్నదే మొదటి ఉద్దేశం. ఆ బడే పెరిగి పెద్దదై 1868లో ఇంపీరియల్ మాస్కో టెక్నికల్ స్కూలు అయింది. ఇప్పుడు దాన్ని బావ్‌మన్ విశ్వవిద్యాలయం అంటారు. విమానాల తుపొలేవ్, రాకెట్ల కొరొల్యోవ్ ఇద్దరూ అక్కడ చదువుకున్నవాళ్లే.

టెక్నికల్ స్కూలుగా మారిన ఆ రోజుల్లో దాని డైరెక్టరు విక్టర్ డెల్లా-వోస్. ఆయనకు ఎదురైన చిక్కు మన ఊరి కొలిమి దగ్గర నిలబడి ఆలోచిస్తే ఇట్టే అర్థమవుతుంది. కమ్మరి కొడుకు పని ఎలా నేర్చుకుంటాడు? చిన్నప్పుడు తిత్తి ఊదుతాడు, తర్వాత పట్టుకారు పట్టుకుంటాడు, ఇంకొన్నేళ్లకు సుత్తి దెబ్బ వేస్తాడు. నాయన పక్కనే ఉంటాడు గానీ విడమరచి చెప్పేదేమీ ఉండదు. ఆ పూట ఏ పని వస్తే అదే పాఠం. నాగలి కర్రు వస్తే కర్రు, బండి చక్రం పట్టా వస్తే పట్టా. ఇలా పదేళ్లకు ఒక పనివాడు తయారవుతాడు, గొప్పగానే తయారవుతాడు. కానీ ఇంజనీరు కావలసిన కుర్రాడికి అన్నేళ్లు లేవు. పైగా ఒక్క మేస్త్రీ చుట్టూ ఎంతమంది నిలబడగలరు?

డెల్లా-వోస్, ఆయన దగ్గర వర్క్‌షాపులు చూసే దిమిత్రీ సోవెత్కిన్, మరికొందరు కలిసి పనిని అక్షరాలుగా విడగొట్టారు. వడ్రంగం, తరిమెన పట్టడం, కమ్మరం, ఫిట్టింగ్: వేటికవి వేరు చేశారు. ఒక్కో పనిలో పనిముట్లేవి, ఆ పనిముట్టుతో చెయ్యి చేసే కదలికలేవి అని లెక్క తీశారు. తేలిక కదలిక ముందు, కష్టమైనది తర్వాత, ఆపైన రెండూ కలిసినవి. గుణింతం రాకుండా ఒత్తులు రాయించం కదా, అదే పద్ధతి. ప్రతి కుర్రాడికీ ఒక బెంచీ, తన సొంత పనిముట్ల జత. ముందు డ్రాయింగ్ గీయాలి, ఆ గీత చూసే పని చేయాలి. ముందు ముక్క సరిగ్గా రానిదే తర్వాతి ముక్క చేతికివ్వరు. ఆకురాయి పళ్లు ఎటు వాలి ఉంటాయో అందరికీ కనబడేలా పనిముట్ల పెద్ద నమూనాలు కూడా చేయించి పెట్టారు. దీంతో ఒక్క మేస్త్రీ ఒక గదినిండా పిల్లలకు ఒకేసారి నేర్పగలిగాడు.

వాళ్లు చేసిన మరో పని కొంచెం మొండిది. నేర్చుకునే షాపునూ, సరుకు తయారుచేసే షాపునూ విడదీశారు. స్కూలుకు ఆర్డర్లు తీసుకునే సొంత ఫ్యాక్టరీ ఉండేది. అభ్యాసాలన్నీ ముగిశాకే కుర్రాడికి అందులో అడుగు. అంతవరకు వాడు చేసే ముక్కలకు గిరాకీ అక్కర్లేదు, కొలత సరిపోతే చాలు. మన ల్యాబ్‌లోని ఆ తుక్కు ముక్కకు వంశవృక్షం గీస్తే వేరు ఇక్కడే తగులుతుంది.

1876లో అమెరికా తన నూరేళ్ల స్వాతంత్ర్యాన్ని ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రదర్శనతో జరుపుకుంది. యంత్రాల హాలులో కార్లిస్ ఆవిరి యంత్రం 1,400 గుర్రాల శక్తితో తిరుగుతోంది. మే 10న దాన్ని నడిపించినవాళ్లు అధ్యక్షుడు గ్రాంట్, బ్రెజిల్ చక్రవర్తి. జనం దాని చుట్టూనే మూగారు. మాస్కో స్కూలు నుంచి రష్యావాళ్లు తెచ్చి పెట్టెల్లో వరసగా అమర్చిన ఇనుప ముక్కలు, చెక్క అతుకులు ఎవరిక్కావాలి? బోస్టన్ నుంచి వచ్చిన జాన్ రంకిల్‌కు కావలసి వచ్చాయి. ఆయన లెక్కల మనిషి, ఎం.ఐ.టి.కి రెండో అధ్యక్షుడు. 1873 ఆర్థిక మాంద్యం దెబ్బకు ఆ విద్యాసంస్థ అప్పుడు చేతిలో కాసుల్లేక ఉంది. పిల్లలకు లెక్క వచ్చు, డ్రాయింగ్ వచ్చు, లోహం మీద చెయ్యి వేయడమే రాదు. తను వెతుకుతున్నది ఆ పెట్టెల్లో ఉందని రంకిల్‌కు అర్థమైంది. బోస్టన్ తిరిగొచ్చి, ఆగస్టులోనే పాలకమండలిని ఒప్పించి షాపులు పెట్టించారు. పక్కనే యంత్ర కళల బడి ఒకటి వెలిసింది.

(అదే ఏడాది మాస్కో స్కూల్లో పట్టా పుచ్చుకున్న ఒక కుర్రాడు కూడా ఆ ప్రదర్శన చూడ్డానికి వచ్చాడు. పేరు వ్లదీమిర్ షూఖోవ్. మాస్కోలో 1922లో పూర్తయిన షబొలోవ్‌కా రేడియో టవరు ఆయనదే.)

సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కాల్విన్ వుడ్‌వర్డ్ ఇదే గోడకు వేరేవైపు నుంచి తల కొట్టుకున్నారు. యంత్ర సూత్రాలు చూపడానికి చెక్క నమూనాలు చేసుకురమ్మంటే ఇంజనీరింగ్ విద్యార్థులకు రంపం పట్టడమే చేతకాలేదు. వాళ్లను యూనివర్సిటీ వడ్రంగి దగ్గర కూర్చోబెట్టారు. ఆ ప్రొఫెసర్ల మాట కన్నా ఈ వడ్రంగి మాటే నాకు వినాలని ఉంటుంది, ఏం చేస్తాం, ఆయన ఏమీ రాసిపెట్టలేదు. 1880లో వుడ్‌వర్డ్ యూనివర్సిటీ కిందే మాన్యువల్ ట్రైనింగ్ స్కూలు తెరిచారు. రోజుకు రెండు గంటలు షాపులో, మిగతాది పుస్తకాలతో.

అమెరికన్ యూనివర్సిటీల్లో చేతిపనికి చోటు అంతకుముందే చట్టంలో ఉంది. లింకన్ 1862లో సంతకం చేసిన మొరిల్ చట్టం వ్యవసాయం, యంత్ర కళలు నేర్పే కాలేజీలకు భూములిచ్చింది. మన పిల్లలు ఎమ్మెస్‌కు వెళ్లే టెక్సాస్ ఎ అండ్ ఎం పేరులో ఎ అంటే అగ్రికల్చరల్, ఎం అంటే మెకానికల్. ఇప్పుడా అక్షరాలకు అర్థమేమీ లేదని యూనివర్సిటీవాళ్లే అంటారు.

రష్యా పద్ధతిని కాదన్నవాళ్లూ ఉన్నారు. మసాచుసెట్స్‌లోనే, వూస్టర్ కాలేజీ వాష్‌బర్న్ షాపుల్లో అమ్ముడుపోయే సరుకే చేయించేవారు. స్వీడన్‌లో ఓటో సాలొమన్ పిల్లలచేత ఇంటికి పనికొచ్చే చెక్క సామాను చేయించారు. 1937లో వార్ధాలో గాంధీజీ ముందుపెట్టిన నయీ తాలీమ్ ఇంకా గట్టిది: పిల్లలు చేసిన సరుకు బడి ఖర్చులకు ఆసరా కావాలన్నారు. నా ఓటు సగం ఇటు, సగం అటు. ఏటికొప్పాక కుర్రాడు మొదటి రోజు నుంచీ అంకుడు కర్ర మీద బొమ్మే నేర్చుకుంటాడు, వాడి చేతికి వంక పెట్టలేం. కానీ అరవైమందిని ఒక గదిలో కూర్చోబెట్టి నేర్పమంటే సోవెత్కిన్ కన్నా మెరుగైన దారి నాకు కనబడలేదు.

తర్వాత జరిగిందే బాధాకరం. పెద్ద చదువు షాపును మెట్లు దింపుతూ పోయింది. బోస్టన్‌లో యంత్ర కళల చదువు యూనివర్సిటీ గడప దాటి, 1893 నాటికి విడిగా హైస్కూలు అయింది. మన దగ్గర 1950లో మొదలైన కేంద్ర శిక్షణ పథకంతో ఐటీఐలకు చేరింది. ఐటీఐ ఫిట్టర్ ట్రేడు రెండేళ్లు. ఫైలింగ్, మార్కింగ్, రంపం కోత, డ్రిల్లింగ్, ఆ మీదట జోడు ముక్కల అమరిక: వరస చూస్తే మాస్కో పెట్టెల్లో పేర్చినట్టే ఉంటుంది. ఇంజనీరింగ్ కాలేజీలో మాత్రం అది మొదటి ఏడాది ల్యాబ్‌కు కుదించుకుపోయింది. ఫిట్టింగ్, కార్పెంటరీ, రేకు పని, కమ్మరం, హౌస్ వైరింగ్ అన్నీ అందులోనే. రికార్డు నీటుగా ఉంటే చాలనుకునే చోట్లూ ఉన్నాయి.

ఈసారి సెలవులకు పిల్లలొస్తే, ఫిట్టింగ్‌లో చేసిన ముక్క ఏమైందని అడగండి. తుక్కులో పడేయకుండా ఎవరైనా తెచ్చుకుని ఉంటే, ఒకసారి కిటికీ దగ్గర వెలుతురుకేసి పట్టి చూడండి.