మార్టేరు విత్తనము, డెల్టా కలుపు

ధవళేశ్వరము వద్ద గోదావరి ఆనకట్ట 1852లో పూర్తి అయినది. అంతకు ఇరవై ఏండ్ల ముందు నందననామ సంవత్సరపు కరువులో అల్లాడిన సీమకు ఆ కాలువలు ప్రాణము పోసినవి. అయితే నీరు వచ్చినంత మాత్రాన గాదె నిండదు. ఆ నీటిలో నిలిచి పండే పైరు కావలెను. పైరుతోబాటు మొలిచే కలుపును గెలవవలెను. 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట అయిదేండ్లలో ముగిసినది. ఈ రెండవ పని మాత్రము ఇప్పటికీ ముగియలేదు. ఆ పని కథనే ఈనాడు శ్రోతలకు వినిపించదలచాము.

పశ్చిమగోదావరి జిల్లా మార్టేరులో 1925లో వరి పరిశోధనా కేంద్రము వెలసినది. ఆ రోజులలో అక్కుళ్లు, కృష్ణకాటుకలు వంటి నాటు రకాలే రైతుకు దిక్కు. ఒకే చేనులో పొడుగు పొట్టి, ముందు వెనుకలుగా పండే మొక్కలు కలిసి ఉండేవి. వాటిలో మేలైన వెన్నును ఏరి, దాని గింజలను విడిగా నాటి, మరల ఏరి, బెరకు లేని విత్తనము తీయడమే తొలినాటి శాస్త్రజ్ఞుల పని. తరువాత సంకరము వచ్చినది. వరిపువ్వు పగటిపూట కొద్దిసేపు మాత్రమే విచ్చుకుంటుంది. అది విచ్చుకొనక ముందే లోపలి ఆరు పుప్పొడి తిత్తులను సన్నని పట్టకారుతో తీసివేసి, వేరొక రకపు పుప్పొడిని చల్లి, కాగితపు సంచి తొడగవలెను. ఇంతా చేస్తే పువ్వుకు ఒక్క గింజ. ఆ గింజ సంతతిని ఆరేడు తరాలు ఏరితే గాని కొత్త రకము స్థిరపడదు. ఇందులో తొందరకు తావు లేదు.

1966లో ఫిలిప్పీన్సు నుండి ఐ.ఆర్. 8 వెలువడినది. మరుసటి యేడే దానిని పండించిన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారికి ‘మిస్టర్ ఐ.ఆర్. 8’ అన్న పేరు వచ్చినది. పొట్టి రకము కనుక ఎరువు వేసినా పడిపోదు, దిగుబడి గొప్పది. కాని గింజ లావు, అన్నము రుచి తక్కువ. మలయా దేశములో 1965లో విడుదలైన మసూరి అన్నానికి మంచిది. అది మన చేలలో పొడుగెదిగి పడిపోయేది. సార్వా కాలములో నీరు త్వరగా తీయని పల్లపు భూములకు ఈ రెండు గుణాలూ ఒక్కచోట కావలసివచ్చినది.

మార్టేరులో వశిష్ఠ, మసూరి రకాలను సంకరపరచి తీసిన ఎం.టి.యు. 7029 ఆ కొరతను తీర్చినది. 1982లో ‘స్వర్ణ’ అన్న పేరుతో అది విడుదలైనది. పైరు కాలము సుమారు 150 రోజులు. వానలు వెనుకపట్టిన తరువాత కోతకు వస్తుంది. తక్కువ ఎరువుతోనే పండుతుంది. డెల్టా దాటి ఒరిస్సా, బెంగాలు, బీహారు చేలకు పాకినది. రైతుల చేతుల మీదుగానే బంగ్లాదేశ్ సరిహద్దునూ దాటినది. ఎం.టి.యు. అన్న మూడక్షరాలు మార్టేరుకు గుర్తు. ఏ దేశమేగినా ఊరి పేరు విత్తనము వెంట పోయినది. పట్టకారు పట్టినవారి పేర్లు మాత్రము ఆ దూరము పోలేదు.

ఇక కలుపు మాట. పాత పొడుగు రకాలు నీడ కమ్మి కలుపును అణచేవి. పొట్టి వరి ఆ పని చేయలేదు; సందులలో వెలుతురు పడి గడ్డి లేస్తుంది. కనుక దమ్ము, నిలువ నీరు, ఊడ్పు అనే మూడు పాత ఆయుధాలకు విలువ ఇంకా పెరిగినది. నీటి క్రింద గాలి అందక పెక్కు కలుపు గింజలు మొలవవు. ఆకుమడిలో పెరిగివచ్చిన నారు అప్పటికే కలుపుకు పెద్దది. ఒక్క ఊద మాత్రము మాయలమారి. లేతదనములో అచ్చముగా వరివలెనే ఉంటుంది. ఆకు కాండాన్ని అంటుకొనే చోట వరికి పలుచని పొర వంటి నాలుక ఉంటుంది, ఊదకు ఉండదు. కలుపుతీసే ఆడవారు ఏ గ్రంథమూ చదవకుండానే దానిని పోల్చి పెరికివేస్తారు. 1940ల నాటి 2,4-డి మందు తుంగను, వెడల్పాకు మొక్కలను చంపినది. వరికి గడ్డిజాతి బంధువైన ఊద దానికి లొంగలేదు. పొరుగు కలుపు పోయిన చోట ఊదకే మరింత చోటు దొరికినది.

స్వర్ణకూ ఒక లోపమున్నది: వారము పైబడి పూర్తిగా మునిగితే బ్రతకడము కష్టము. ఒరిస్సా నాటువరి నుండి ఏరిన ఎఫ్.ఆర్. 13ఏ రకములో ముంపును తట్టుకొనే జన్యువును శాస్త్రజ్ఞులు గుర్తించి 2006లో ప్రకటించారు. అది ఉన్న మొక్క పైకి ఎగబ్రాకక, పెరుగుదల మాని, శక్తిని దాచుకుంటుంది. ఆ గుణము కలిపిన ‘స్వర్ణ సబ్ 1’ 2009లో మన దేశములో విడుదలైనది. రెండు వారాల ముంపుకు నిలుస్తుంది. డెల్టా బిడ్డకు ఒరిస్సా పల్లె రక్ష కట్టినదన్నమాట.

నేడు ఊడ్పుకు కూలీలు దొరకక పలుచోట్ల విత్తనము వెదజల్లుతున్నారు. ఖర్చు తగ్గుతున్నది నిజమే. కాని వరి, ఊద ఒకేనాడు మొలుస్తున్నవి. ఊడ్పు ఇచ్చిన నెలరోజుల వయసు ఆధిక్యము పోయినది. మందుల మీదనే ఆధారపడితే, ఆ మందుకు లొంగని కలుపే చివరకు మిగులుతుంది. కనుక నీటి క్రిందనే మొలకెత్తి, త్వరగా నేలను కమ్ముకొనే వరి కావలెను. విత్తనము తీసేవారూ, కలుపును పరిశీలించేవారూ ఒకే గట్టు మీద నిలిచి ఆలోచించవలసిన కాలమిది.

దాళ్వాకు తగిన ఎం.టి.యు. 1010 రకాన్ని 2000లో విడుదల చేసినపుడు మార్టేరువారు దానికి ‘కాటన్‌దొర సన్నాలు’ అని పేరు పెట్టారు. నీరు ఇచ్చినవాని పేరు ఆ విధముగా గింజకు దక్కినది. ఆ గింజను అన్నముగా మార్చిన చేతులలో ఊదను పోల్చి పెరికిన చేతులు కూడ ఉన్నవి. కొత్త విత్తనాన్ని రూపొందించే వేళ వారికి తెలిసినదేమో కూడ అడిగి తెలుసుకోవడము న్యాయమని మేము తలుస్తున్నాము.