ఓడలెక్కిన కూలీలు – వారి రక్షణశాసనములు



పొట్టకూటికై సముద్రము దాటుట ఆంధ్రులకు క్రొత్త గాదు. గోదావరి సాగరమున గలియుచోట నున్న కోరంగి యొకప్పుడు ప్రసిద్ధమైన ఓడరేవు. అందుచేతనే మారిషసు దీవిలోను, బర్మాలోను తెలుగువారికి 'కోరంగీలు' అను పేరు గలిగెను. అట్లు వెడలినవారిని గాపాడుటకు శాసనములెట్లు పుట్టినవో, అవి యెచ్చట అక్కరకు రాలేదో నేడు విన్నవించెదను.

1834వ సంవత్సరమున ఆంగ్లేయ సామ్రాజ్యమున బానిసత్వము రద్దయ్యెను. చెరకుతోటల దొరలకు కూలీలు కావలసివచ్చిరి. నాటినుండి మారిషసునకును, 1860 నుండి దక్షిణాఫ్రికాయందలి నేటాలునకును, 1903 నుండి చెన్నపట్టణపు రేవుమీదుగా ఫిజీకిని మనవారు ఒడంబడికపై చేరిరి. గడువు ఐదేండ్లు. నడుమ పని విడిచినచో కారాగారమే గతి. చదువెరుగనివాడు ఆ పత్రముపై వ్రేలిముద్ర వేసి బద్ధుడయ్యెను.

ఈ దురాచారముపై గోఖలే మహాశయుడు 1910లో కేంద్ర శాసనసభయందు తీర్మానము దెచ్చెను. మరుసటి యేట నేటాలునకు కూలీల నంపుట నిలిచెను. 1916లో మాలవీయపండితుడు ఆ పద్ధతినే తుదముట్టింప గోరెను. 1917లో ఒడంబడికపై కూలీలను చేర్చుట ఆగెను. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒడంబడికలు రద్దయ్యెను. ప్రభుత్వము ప్రకటించిన దేశములకు, ప్రకటించిన షరతులపైననే కూలీలను గొనిపోవలెనని 1922లో వలసచట్టము విధించెను.

ఇక బర్మా సంగతి వినుడు. 1937 వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో నొక రాష్ట్రము. రంగూనునకు బోవువాడు చట్టము దృష్టిలో పరదేశమునకు బోవువాడే గాడు! కావున సముద్రము దాటియు, చట్టపు రక్షణ అతనికి దక్కలేదు. మేస్త్రీ బయానా యిచ్చి, ఓడ కేవు పెట్టుకొని తీసికొనిపోవును. ఆ యప్పు కూలిలో విరుగగోసికొనును. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మెకట్టిరి. యజమానులు బర్మీయులను పనిలో పెట్టి, సమ్మె తీరగానే వారిని తొలగించిరి. అందుండి రేగిన కలహమున నూరుమందికి పైగా హతులైరి. కొట్టినవారును బీదలే, చచ్చినవారును బీదలే. 1942లో జపాను దండెత్తగా లక్షలకొలది భారతీయులు అరకాను త్రోవను, మణిపురపు కొండదారులను కాలినడకను వెనుకకు వచ్చిరి. త్రోవలో వేలకొలది జనులు రాలిపోయిరి.

ప్రపంచరాజ్యములు మాత్రమేమి చేసినవి? 1919లో అంతర్జాతీయ కార్మికసంస్థ యేర్పడెను. మన దేశము తొలినుండియు అందు సభ్యురాలు. వలస కూలీలకై ఆ సంస్థ 1939లో చేసిన ఒడంబడిక అమలునకు రాకయే పోయెను. 1949లో దానిని సవరించిరి. 1990 డిసెంబరు 18న ఐక్యరాజ్యసమితి మరియొక విపులమైన ఒడంబడికను ఆమోదించెను. అది 2003 జూలై 1 నుండి అమలునకు వచ్చెను. కూలివాని పాస్‌పోర్టును యజమాని లాగికొనరాదనియు, స్వదేశస్థునికంటె అతనికి తక్కువ కూలి యీయరాదనియు అందు గలదు. కాని కూలీలను పంపు మన దేశముగాని, రప్పించుకొను కువైటు, సౌదీ అరేబియాలుగాని ఇంతవరకు అందు చేరలేదు. బర్మా పోయినవానికి నాడెట్లో, గల్ఫు పోవువానికి నేడును అట్లే. కంచె యున్నది, కాని అతడు కంచె వెలుపల నున్నాడు.

గ్రామపెద్దలారా! ఆ వెలితిని కొంతయైన పూడ్చుట మన చేతిలో నున్నది. మన యూరివాడో, ఆడపడుచో గల్ఫునకు పయనమగునపుడు, సంతకమునకు ముందే ఆ పత్రమును చదివి వినిపింపుడు. జీతమెంత, గడువెంత, పాస్‌పోర్టు ఎవరిచేత నుండునో అడుగుడు. మరియొక మాట. 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట పుణ్యమున మన పొలములకు నీరు పారినది. నాట్లకును కోతలకును పరజిల్లాల కూలీలు మన గడపకే వచ్చుచున్నారు. వారును వలసవారే. రంగూనులో మనవారికి జరుగవలెనని కోరిన న్యాయమును ముందుగా మన కళ్లములో వారికి జరిగింతము.