మూడు గొట్టాల తుపాకి వెనుక ఒక వేట చట్టం

జర్మన్ సంయుక్త తుపాకుల చరిత్రను చాలామంది మ్యూనిక్ తుపాకుల పనివాడు పీటర్ ఓబర్‌హామర్‌తో మొదలుపెడతారు. 1878లో ఆయన తీసుకున్న పేటెంట్‌తోనే డ్రిల్లింగ్, అంటే మూడు గొట్టాల తుపాకి, పుట్టిందంటారు. పేటెంట్ మాట నిజమే. కానీ రైఫిలు గొట్టాన్నీ షాట్‌గన్ గొట్టాన్నీ ఒకే కర్రకు బిగించడం చెకుముకి తుపాకుల నాడే ఉంది. సంపన్నులకే పరిమితమైన ఆ వస్తువు 19వ శతాబ్దం చివరికి సూల్, జెల్లా, మేలిస్ ఊళ్లలో మామూలు సరుకు ఎలా అయింది? దీనికి పేటెంట్‌లో జవాబు దొరకదు.

నా దృష్టిలో అసలు కారణం 1848 విప్లవం. అంతకుముందు రైతు పొలాన్ని మేసే జింక మీద కూడా హక్కు దొరదే. విప్లవం తర్వాత వేట హక్కు భూమి యజమానికి దక్కింది. 1850 నాటి ప్రష్యా చట్టం దానికో హద్దు పెట్టింది. ఒకే చెక్కగా 300 మోర్గెన్‌లు, సుమారు 75 హెక్టార్లు, ఉన్నవాడే సొంతంగా వేటాడాలి. చిన్న రైతుల పొలాలు ఊరుమ్మడి వేటభూమి అయ్యాయి. వాటిని ఎక్కువగా కౌలుకిచ్చేవారు. కౌలు పట్టిన పట్నవాసికి, దొరకున్నట్టు, తుపాకులు మోసే నౌకర్లు లేరు. పొలం గట్టున కౌజులు లేస్తాయి, పొద్దువాలాక అడవి అంచుకు రో జింకో పందో వస్తుంది. పిట్టకు పెల్లెట్లు కావాలి, పందికి తూటా కావాలి. భుజాన ఉన్నది మాత్రం ఒక్క తుపాకి.

అభ్యంతరాలు లేకపోలేదు. ఫ్రాన్స్ దొరల వేట హక్కును 1789లోనే రద్దు చేసింది, అయినా డ్రిల్లింగ్ అక్కడ వేళ్లూనలేదు. కనుక హక్కు చేతులు మారితే సరిపోదు, కౌలు వేటభూమి పద్ధతి కూడా ఉండాలి. 1849లో ఇలాంటి చట్టమే తెచ్చుకున్న ఆస్ట్రియాలో ఫెర్లాఖ్ ఊరు ఈ తుపాకులకు పేరుపడడం నా వాదానికి బలం. ఇక చట్టానికీ పేటెంట్‌కూ మధ్య దాదాపు 30 ఏళ్లు ఎందుకు పట్టిందంటే, వెనుకనుంచి తూటా పెట్టే మడత తుపాకి, సెంటర్‌ఫైర్ తూటా కుదురుకునేదాకా మూడో గొట్టం మోయలేని భారమే.

డ్రిల్లింగ్‌లో సాధారణంగా పైన పక్కపక్కనే రెండు షాట్‌గన్ గొట్టాలు, కింద రైఫిలు గొట్టం ఉంటాయి. ట్రిగ్గర్లు రెండే. చాలా నమూనాల్లో బొటనవేలితో మీట ముందుకు నెడితే ముందు ట్రిగ్గరు రైఫిలుకు మారుతుంది. అదే కదలికకు గొట్టాల మధ్య పట్టీలో పడుకుని ఉన్న గురి ఆకు లేచి నిలబడుతుంది. లోపమూ ఉంది. గొట్టాలు ఒకదానికొకటి అతికి ఉంటాయి గనుక వరసగా పేలిస్తే రైఫిలు గొట్టం వేడెక్కి సాగుతుంది, గురి తప్పుతుంది.

జర్మన్ వాయుసేన కోసం 1941-42లో సావర్ సంస్థ చేసిన ఎం 30 డ్రిల్లింగ్ మీద పాత తుపాకులు సేకరించేవారికి మోజెక్కువ. నిర్మాణంలో మాత్రం అది తెచ్చిన మలుపేమీ లేదు.

నేడు జర్మన్ పొలాల్లో కౌజులు బాగా తగ్గాయి. అడవిపందులు పెరిగాయి. 2019-20 వేట సంవత్సరంలో 8 లక్షలకు పైగా పందులను కాల్చారు. తరుముడు వేటలో వరసగా తూటాలు పేల్చే రైఫిలుదే పైచేయి. కొన్ని కొత్త సంయుక్త తుపాకులు గొట్టాలను విడివిడిగా నిలిపి పాత లోపాన్ని సరిదిద్దాయి, అది మెచ్చదగిన పని. కానీ చేతి చెక్కడాలతో, భారీ ధరలతో వీటిని విలాస వస్తువులుగా అమ్మడం నాకు సమ్మతం కాదు. ఒంటరి కౌలు వేటగాడి అవసరం కోసం ఎదిగిన తుపాకి ఇప్పుడు అతనికే అందనంత దూరమైంది.